ఖాళీ చేయని ఇమేజ్

2008. రాజమండ్రిలో ఉంటూ కాలేజీల సర్వర్లు చూసే పని నాది. ఓ ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. "అర్జెంటుగా రండి. ఓ అమ్మాయి మన సర్వర్ హ్యాక్ చేసేసిందండి!"

వెళ్లేసరికి లలిత అనే మూడో సంవత్సరం విద్యార్థిని ఆయన గదిలో ఏడుస్తోంది. పక్కన వాళ్ల నాన్నగారు. మర్నాటి పరీక్ష ప్రశ్నపత్రం ల్యాబ్‌లో కనబడిందని ఆమే వచ్చి చెప్పిందట. చెప్పినందుకు బహుమానం సస్పెన్షన్! ఆర్డరు సిద్ధంగా ఉంది, సంతకమే తరువాయి. ఆ పిల్లకు ఏడాది పోయినట్టే.

"లాగిన్ అయితే అక్కడే ఉందండి. నేనేం చెయ్యలేదండి," అంది లలిత.

"ఊరికే ఎలా వస్తుందమ్మా? ఎగిరొచ్చిందా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ వారమే ఒక కాంట్రాక్టరు ల్యాబ్‌లో విద్యార్థికొకటి చొప్పున కంటైనర్లు పెట్టి వెళ్లాడు. ఒకే లినక్స్ సర్వర్‌లో ఎవరి గది వారికన్నట్టు విడివిడిగా నడిచే చిన్న సిస్టమ్స్ అవి. ప్రతి గదిలోనూ ముందుగా నింపే ఫైళ్ల మూటే రూట్ ఫైల్‌సిస్టమ్ ఇమేజ్. ఖాళీ డైరెక్టరీలో కావలసినవి మాత్రమే వేసి దాన్ని కట్టాలి. నాకు అనుమానం వచ్చింది.

"సార్, అదే ఇమేజ్‌తో మీ పేరున ఇప్పుడే ఓ కంటైనర్ చేస్తాను. మీరే తెరవండి."

తెరిచారు. లోపల పేపరు తయారుచేసిన లెక్చరర్ గారి ఫోల్డరు, అందులో అదే ప్రశ్నపత్రం.

"ఇదేంటండీ! నా దాంట్లోకెలా వచ్చింది?"

"ఎగిరొచ్చిందండి," అన్నాను, ఒళ్లు మండి.

ఆ కాంట్రాక్టరు మహానుభావుడు నడుస్తున్న సర్వర్‌నే మొత్తం మూటగట్టి ఇమేజ్ చేసేశాడు. బీరువాతో సహా ఇల్లు అద్దెకిచ్చినట్టు! పైగా కంటైనర్‌లో విద్యార్థే రూట్, అంటే సర్వాధికారి. ఏ ఫైలైనా తెరవొచ్చు.

మిగతా కంటైనర్ల కమాండ్ హిస్టరీ, అంటే ఎవరేం టైపు చేశారో ఉండే చిట్టా కూడా చూశాను. క్లాసులో దాదాపు అందరూ ఆ పేపరు తెరిచి చదివారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. ఓరి నాయనో, ఇంతమందిలో దొంగ అనిపించుకున్నది ఈ పిల్ల ఒక్కతేనా!

ప్రిన్సిపాల్ గారు పరీక్ష వాయిదా వేసి, ఆర్డరు చింపేశారు. "పొరపాటైందమ్మా," అన్నారు.

లలిత కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "నేనూ చదివేసుకుని ఊరుకుంటే ఇదంతా ఉండేది కాదు కదండీ?"

"ఉండేది కాదమ్మా," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఇమేజ్‌ను ఖాళీ డైరెక్టరీలోనే కట్టాలని నాకు ముందే తెలుసు. లోపం చూపించినవాళ్లనే మనం ముందు దొంగల్ని చేస్తామని మాత్రం ఆ రోజే తెలిసింది.