ఫ్రేము విప్పకుండా చెప్పిన తీర్పు

పాత బ్రిటిష్ సైన్యం టోపీ బ్యాడ్జిలు పోగుచేసే పిచ్చి నాకుందని ఏలూరులో మా కాలేజీ స్టాఫ్ రూం మొత్తానికి తెలుసు. నేను చెప్పకుండా ఉండలేను మరి. అందుకే పోయిన నెల తోటి లెక్చరర్ సునీత అడిగింది: "మేడం, మా అత్తయ్యగారి దగ్గర ఒక బ్యాడ్జి ఉందండీ. వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం వైపు మిలిటరీ ఆసుపత్రిలో వార్డు పని చేశారట. బతికి బయటపడ్డ ఒక తెల్ల సిపాయి టోపీ మీంచి తీసి ఇచ్చాడట. అత్తయ్యకి వరసకి తమ్ముడైన సత్యానందం గారు మాత్రం, ఆయన దాన్ని తాడేపల్లిగూడెం సంతలో కొనుక్కొచ్చి కథలు చెప్పాడని ఒక పెళ్ళిలో అందరి ముందూ అనేశారు. అప్పట్నుంచి అత్తయ్య వాళ్ళ గడప తొక్కలేదు. మీరొకసారి చూసి చెబుతారా?" నేను ఎగిరి గంతేశాను. వెళ్ళిన రోజు సాయంత్రం కొల్లేరు పక్షుల్ని కూడా చూసి రావచ్చని లెక్క వేసుకున్నాను.

రెండో శనివారం పొద్దున్న ఏడున్నరకి ఏలూరులో తాడేపల్లిగూడెం పల్లెవెలుగు బస్సు ఎక్కితే, భీమడోలు మీదుగా గంటకి కాస్త అటూ ఇటుగా ఉంగుటూరులో దించింది. అక్కణ్ణించి నిడమర్రు వైపు షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. కాలవ గట్టు దిగాక రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులే. నా పక్క సీట్లో ఖాళీ చేపల ట్రేలు పేర్చి ఉన్నాయి. "చీర జాగ్రత్తండీ, నీళ్ళు కారతన్నాయి," అన్నాడు డ్రైవరు. "చుట్టాలింటికాండీ?" అనడిగాడు. ఒక పాత వస్తువు నిజమైనదో కాదో తేల్చడానికి వెళ్తున్నానని కాస్త గొప్పగానే చెప్పాను.

సునీత ముందురోజే అక్కడికి చేరి ఉంది. వాళ్ళ అత్తగారు పరంజ్యోతమ్మ గారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను వస్తున్నానని ఇస్త్రీ చీర కట్టుకుని, వరండాలో కుర్చీ వేసి, చర్చి నుంచి ఇద్దరు ముగ్గురిని పిలిచి ఉంచారు. బ్యాడ్జి ఒక ఫ్రేములో వాళ్ళ నాన్నగారి ఫోటో కింద ఎర్రగుడ్డకి కుట్టి ఉంది. సైన్యంలో ఊదే బూర తాడుకి వేలాడుతున్నట్టు, దాని పైన కిరీటం. కిరీటం పైభాగం గుండ్రంగా ఉంటే రాజుల కాలం, అంటే ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం. మధ్యలో నొక్కినట్టుంటే ఆ తర్వాత వచ్చిన రాణి కాలం. ఇది గుండ్రంగానే ఉంది. కానీ నకలు తీసేవాళ్ళు కిరీటాన్ని కూడా నకలు తీస్తారు కదా. బూర మీద ఉండాల్సిన తాడు మెలికలు సరిగ్గా కనబడటం లేదు, అంచులు అరిగిన సబ్బులా ఉన్నాయి. లోహం కరిగించి పోత పోసిన నకళ్ళు అలాగే మొద్దుగా ఉంటాయి.

"గుడ్డ విప్పమంటారా అమ్మా?" అన్నారావిడ. "మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ దీన్ని చింతపండు పెట్టి తోమేదమ్మా, నాన్న ఉన్నన్నాళ్ళూ..."

ఆవిడ చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు. "అక్కర్లేదండీ, ముందు వైపు చూస్తేనే తెలిసిపోతుంది. ఇది నకలు. మీ నాన్నగారు ఎక్కడో కొని ఉంటారు," అనేశాను. పైగా పోతకీ, అచ్చు కొట్టినదానికీ తేడా ఏమిటో అక్కడున్నవాళ్ళకి చిన్న పాఠం కూడా చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పరంజ్యోతమ్మ గారు కొరమీను పులుసు వడ్డించారు. రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను. బయల్దేరేటప్పుడు ఆవిడ కత్తెరతో దారాలు కత్తిరించి బ్యాడ్జిని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. "మీ పిల్లలకి పాఠం చెప్పడానికి పనికొస్తుంది, ఉంచుకోండమ్మా. అబద్ధాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకోవడం," అన్నారు. విప్పి చూడకుండానే బ్యాగులో పడేసుకున్నాను.

ఆ ఇంట్లోంచి బయటపడ్డాక పక్షుల మీద ఎందుకో మనసు పోలేదు. ఉంగుటూరు వచ్చి బస్సులో తాడేపల్లిగూడెం చేరాను, రైల్లో ఏలూరు వెళ్ళిపోదామని. స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఊసుపోక కాగితం విప్పి బ్యాడ్జిని తిరగేశాను. వెనక వైపు గుల్లగా ఉంది. ముందు ఉబ్బుగా ఉన్న బూర, వెనక గుంటలా, తాడులోని ఒక్కొక్క మెలికతో సహా పదునుగా దిగి ఉంది. పల్చటి ఇత్తడి రేకు మీద అచ్చు కొడితేనే అలా వస్తుంది. నేను చూసిన పోత నకళ్ళకి వెనక గరుకుగా, చిన్న చిన్న బొక్కలతో ఉంటుంది. టోపీలోకి దూర్చే పట్టీ కూడా ఆ కాలానిదే. ముందు వైపు అరిగింది చింతపండుతో తోమి తోమి. చెయ్యి పెట్టి తోమడానికి వీల్లేని వెనక గుంట మాత్రం అలాగే మిగిలింది.

నిజం చెబుతున్నాను, ముందు నాకు సంతోషమే వేసింది. చాలాకాలంగా వెతుకుతున్న రకం, నా బ్యాగులో ఉంది, అడక్కుండానే ఇచ్చారు. రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు కూడా. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, వచ్చాక ఇంక కూర్చోనివ్వలేదు. బయటికి పరిగెత్తి ఆటో మాట్లాడుకున్నాను. "ఆ దారంట తిరిగి ఖాళీగా రావాలండీ," అని ఐదొందలు అడిగాడు. బేరమాడే మొహం లేదు నాకు.

పరంజ్యోతమ్మ గారు ఇంట్లో లేరు. "మీరు వెళ్ళిన వెంటనే సత్యానందం మావయ్యగారింటికి వెళ్ళారండీ, క్షమించమని అడగడానికి," అంది సునీత నా వైపు చూడకుండా. కాలవ అవతల ఆ ఇంటికి వెళ్ళేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను. బ్యాడ్జి అసలైనదని, తప్పు నాదని, మీ నాన్నగారు చెప్పింది అబద్ధమనడానికి ఏ ఆధారమూ లేదని. సత్యానందం గారికి వెనక వైపు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏవండీ, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి చెబితే ఎలాగండీ? అక్క ఇక్కడికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది," అన్నారు. బ్యాడ్జి నాకు తిరిగిచ్చి, "ఆ పెళ్ళిలో తప్పు మాట అన్నది నేను కదండీ, ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు.

"నన్ను క్షమించండి," అన్నాను పరంజ్యోతమ్మ గారితో.

"మీరన్నందుకు కాదమ్మా నా బాధ," అన్నారావిడ. "ఇన్నేళ్ళు ఊరంతా అన్నా నేను మా నాన్నని అనుమానించలేదు. చదువుకున్నవారు కదాని మీరు ఒక్క మాటంటే నమ్మేశాను."

బ్యాడ్జి ఆవిడ ఒళ్ళో పెట్టి వచ్చేశాను. అక్కాతమ్ముళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారు కదా అని సునీత సోమవారం ఓదార్చబోయింది. అందులో నా గొప్పేమీ లేదు. ఒక కూతురు తండ్రిని అబద్ధాలకోరు అనుకుంటూ ఒక పూట గడిపింది, అది నా వల్ల. వస్తువు వయసు చెప్పడం నేర్చుకున్నాను గానీ, నా మాట ఎదుటివాళ్ళ మీద ఎంత బరువుగా పడుతుందో నాకు తెలియలేదు.

ఇలాంటి పనిమీద ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్కటే సలహా. పగటి వెలుగు ఉండగా చేరుకోండి, ఇంటివాళ్ళనడిగి ఫ్రేము విప్పించి వెనక వైపు చూడండి, వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి. అప్పటికీ తేలకపోతే, "నాకు తెలియదండీ" అని చెప్పి అన్నానికి కూర్చోండి.