మగ్గం చప్పుడు అలవాటైన చెట్టు

మా లింగయ్య పెద్దనాయన చాయ్ కప్పులో పెంచిన చింతచెట్టు కాయలతో వనపర్తిలో ఒక పెండ్లికి చారు కాసిండ్రు. నాలుగొందల మంది తిన్నరు. ఆఖరి పంక్తికి కూడా పులుపు తగ్గలేదు. వడ్డించింది నేనే కాబట్టి ఈ మాట మీద అనుమానం పెట్టుకోవద్దు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పినోణ్ణే గానీ, చారు విషయంలో ఇంతవరకు తప్పలేదు.

పెద్దనాయన గద్వాలలో నలభై ఏండ్లు మగ్గం నేసిండు. మోకాళ్లు మొరాయించి, గుంటలోకి కాళ్లు దించి కూర్చునుడు కష్టమైనంక మగ్గం అమ్మేసిండు. అప్పటిదాకా తీరిక ఉన్నప్పుడే చూసుకునే పొట్టి చెట్లకు ఇక పూర్తిగా అంకితమైపోయిండు. పగిలిన హెల్మెట్‌లో వేప, మిక్సీ జార్‌లో దానిమ్మ, నూలుకు రంగు అద్దే పాత గిన్నెలో రావి. ఏదీ రెండు జానలు దాటదు. కరెంటు వైరు ఒలిచి, లోపలి రాగి తీగతో కొమ్మలు వంచుతడు. ఏడాదికోసారి వేర్లు కత్తిరిస్తడు. ఇదంతా లోకంలో చానామంది చేసేదే. ఆయన తిక్క వేరే. ఒక్కో చెట్టుకు ఒక్కో అలవాటు ఉందంటడు. అది తప్పితే చెట్టు ఖరాబైతదంటడు.

వేపకు పొద్దున్నే రేడియోలో వార్తలు వినుడు అలవాటు. దానిమ్మకు రాయచూరు బస్సు హారన్ పడదు, ఆ బస్సు వచ్చే టైముకు దాని మీద గోనెసంచి కప్పుతడు. ఒకసారి వార్తల నడుమ నేను పాటల స్టేషన్ పెట్టిన.

"మార్చురా. దానికి అలవాటు లేదు."

"చెట్టుకు చెవులెక్కడున్నయి పెద్దనాయనా?"

"నీకున్నయి గదా. ఏం లాభమైంది?"

కొల్లాపూర్ నుంచి ఒక మామిడితోటల ఆసామి కారేసుకొని వచ్చిండు. రావిచెట్టు మీద మనసు పడ్డడు.

"ఎంతకిస్తవ్ పెద్దమనిషీ?"

"ఇయ్య. దానికి కృష్ణ దాటుడు అలవాటు లేదు. కండ్లు తిరుగుతయ్."

ఆసామి నా మొఖం చూసిండు. "పోయినేడు బ్రిడ్జి మీద వాంతి చేసుకున్నది సార్" అని నేను సాక్ష్యం చెప్పిన. ఆయన చెట్టునూ నన్నూ మార్చి మార్చి చూసి, కారెక్కి పోయిండు.

నాగర్‌కర్నూల్‌లో మొక్కల పోటీకి మాత్రం వేపను తీసుకపోయినం. అది హెల్మెట్‌లో ఉంది కాబట్టి బండి మీద పోవుడు దానికి అలవాటే. అక్కడ టేబుల్ మీద పెట్టమన్నరు. "టేబుల్ అలవాటు లేదు" అని పెద్దనాయన దాన్ని నేల మీద పెట్టి, పక్కన తానూ కూర్చున్నడు. జడ్జీలు ముగ్గురూ ప్యాంట్లు పైకి గుంజుకొని గొంతుక్కూర్చొని చూసిండ్రు. బహుమతి టేబుల్ ఎక్కిన గులాబీకి పోయింది.

ఇగ అసలు సంగతి. మా వాడలో పాండన్న, నీలవేణి వదిన ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చొని పెద్దంచు చీరలు నేసేటోళ్లు. మొన్న చలికాలం పాండన్న జ్వరమొచ్చి పోయిండు. సగం నేసిన చీర మీద వదిన దుప్పటి కప్పేసింది. రెండు నెలలైనా గుంటలోకి దిగలేదు. నూలు ఇచ్చిన సేటు దగ్గర పనిచేసే జగదీశ్ వచ్చి, "అక్కా, ఉగాది దాకా చూస్తం. అప్పటికీ కాకుంటే పడుగు కోసుకొని పోవాలె" అన్నడు. మగ్గం మీద పరిచిన ఆ పోగులు కోసుకపోతే వదిన ఇంక ఎన్నడూ నేయదని మాకందరికీ తెలుసు. నచ్చజెప్పపోయినోళ్లకు ఆమె చాయ్ ఇచ్చి సాగనంపింది.

పెద్దనాయన నచ్చజెప్పపోలేదు. రావిచెట్టు ఎత్తుకొని పోయిండు. మోసింది నేను.

"బిడ్డా, ఇది ఇరవై ఏండ్లు నా మగ్గం పక్కన పెరిగింది. ఆ చప్పుడు దీనికి అలవాటు. నాది అమ్మినప్పటి సంది దిగులు పడ్డది. నీ కిటికీల పెడ్త."

"నేను నేస్తలేను మామా."

"నిన్నెవరు నెయ్యమన్నరు? జర చెట్టును పెట్టుకోనియ్యి."

తెల్లారేసరికి కిటికీ కింద నాలుగాకులు పడున్నయి. పెద్దనాయన వాటిని ఏరి, తువ్వాలలో పరిచి, వదినకు చూపించి వచ్చిండు. మర్నాడు అయిదు.

"నీళ్లు ఎక్కువైనయేమో మామా."

"నీళ్లు అలవాటే."

మూడోనాడు ఇంకో నాలుగు. ఆ సాయంత్రం వాడంతా విన్నది, మగ్గంలో నూలు పట్టుకొని నాడె అటూ ఇటూ పోయే చప్పుడు. "పావుగంటే! చెట్టు కోసం!" అని వదిన కిటికీలోంచి అరిచి చెప్పింది, ఎవరూ అడగకముందే. తెల్లారి ఒక్క ఆకు రాలలేదు.

పావుగంట పూటయింది. కానీ పెద్దంచు ఒక్కతే నేసుడు కాదు, రెండో పక్క నాడె అందుకునే మనిషి కావాలె. "చెట్టుకు ఇద్దరి చప్పుడు అలవాటు" అని పెద్దనాయన తానే గుంటలోకి దిగిండు. దించనీకి ఇద్దరం, పొద్దుగూకినంక గుంజనీకి నలుగురం. ఆ మోకాళ్ల చప్పుడు నాడె చప్పుడును మించి వినబడేది. దాని గురించి చెట్టు ఏమీ అనలేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు జగదీశ్ కత్తెర తెచ్చిండు. కత్తెర పనికొచ్చింది, పూర్తయిన చీరను మగ్గం నుంచి కోయనీకి.

నాకు మాత్రం మొదట్నుంచీ ఒక అనుమానం. రాలిన ఆకు కాడ ఎండి ఉంటది. నేను తీసి చూసిన రెండాకుల కాడలకు తెల్లగా పాలు అంటుకొని ఉన్నయి. చదువు అబ్బకున్నా కండ్లున్నయి. వదిన కుళాయి కాడికి పోయిన టైము చూసి, కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి, పదమూడు ఆకులూ పెద్దనాయనే తెంపిండు. ఇంత పెద్ద కుట్ర పట్టుకున్నందుకు ఛాతీ విరుచుకొని వదిన దగ్గరికి పోయిన.

"వదినా, ఆ ఆకులున్నయి చూడు..."

"తెలుసు. మొదటి దినమే పాలు చూసిన."

"మరి?"

"మామకు చెప్పకు. పొద్దుగాల మా ఇంటికొచ్చుడు ఆయనకు అలవాటైంది."

ఇదంతా రాసి, వదిన చెప్పిన ముక్క ఒక్కటి దాటేసి, పెద్దనాయనకు చదివి వినిపించిన. వేప వార్తలు వినుడు అయ్యేదాకా ఆగమన్నడు, ఆగిన. నాలుగొందల మంది చారు తాగిండ్రంటే ఏమనలేదు. చెట్టు వాంతి చేసుకున్నదంటే తల ఊపిండు. ఆకులు తెంపిన కాడికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపిండు.

"తప్పు రాసినవ్‌రా. తెంపింది పన్నెండే. పదమూడోది అదే రాలింది."