హేమ కాలికి చక్రాలా, రాడ్డా: తిరువళ్ళూరులో అడిగి తెలుసుకున్న రోజు

మా చెల్లెలు హేమ కుడికాలు ఎడమకాలి కంటే నాలుగు సెంటీమీటర్లు పొట్టిగా ఉండేది. ఆరేళ్ళప్పుడు నా సైకిలు మీది నుంచి పడి, మోకాలి దగ్గర ఎముక పెరిగే చోట దెబ్బ తగిలింది. తను టీచరు. నడుము నొప్పితో పొద్దంతా నిలబడి పాఠం చెప్పలేకపోయేది. కాలు పొడవు చేసే ఆపరేషన్ గురించి అడుగుదామని ఇద్దరం బయలుదేరాము.

పళ్ళిపట్టులో ఆరింటికి బస్సెక్కితే ఏడున్నరకు తిరుత్తణి చేరాము. అక్కడి నుంచి లోకల్ రైల్లో సుమారు గంటలో తిరువళ్ళూరు. టికెట్టు ఇరవై రూపాయల లోపే. అక్కడి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు మాకు రెండు పద్ధతులు వివరించాడు. ఒకటి, కాలి చుట్టూ బయట బిగించే చక్రాలు, అంటే లోహపు రింగులు. వాటి తీగలు ఎముకలో నుంచి పోతాయి. రెండోది ఎముక లోపలే ఉండి, బయట పెట్టే అయస్కాంత యంత్రంతో సాగే రాడ్డు. ఏ పద్ధతిలోనైనా ఎముకను కోసి, ఆ ఖాళీలో కొత్త ఎముక పెరిగేలా ముక్కలను రోజుకు మిల్లీమీటరు చొప్పున దూరం జరపాల్సిందే. రాడ్డు ఖరీదు కొన్ని రెట్లు ఎక్కువ, ఎముక గట్టిపడేదాకా చేతికర్రలు వదలకూడదు. చక్రాలతో త్వరగా బరువు మోపవచ్చు, కానీ నెలల తరబడి మోయాలి, తీగల దగ్గర చీము పట్టకుండా రోజూ శుభ్రం చేసుకోవాలి.

"రాడ్డే వేయండి సార్," అన్నాను, హేమను అడగకుండానే. "చేయించుకున్నవాళ్ళతో ఒకసారి మాట్లాడండి," అని ఆయన తిరుత్తణి బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు నడిపే కుమారి అక్కకు ఫోన్ చేసి, మేము రావచ్చా అని అడిగాడు.

మూడింటికి వెళ్ళేసరికి ఆమె వడలు వేస్తోంది. పొయ్యి తగ్గించి, చీర కొంచెం పైకెత్తి కాలి మీది మచ్చలు చూపించింది. హేమ వాటిని వేలితో తాకింది.

"నొప్పి ఉండిందా అక్కా?"

"లేకుండా యాడ పోతుంది? మొదటి నెలంతా ఏడిస్తి. ఆ పైన చక్రాలతోనే ఈడ నిలబడుకోని దోసెలు పోసినా."

తిరుగు బస్సులో హేమ అంది: "నాకు చక్రాలే చాలన్నా. తొందరగా బడికి పోవచ్చు."

"ఆ తీగలూ అవీ... రాడ్డైతే బయటికి ఏమీ కనబడదు కదమ్మా."

"నువ్వు చూడలేవనే కదా రాడ్డు అంటాండావు. నేను పడినానన్నా, నువ్వు తొయ్యలేదు."

నేను కిటికీ వైపు తిరిగాను. తను నా చెయ్యి పట్టుకుని పళ్ళిపట్టు దాకా వదల్లేదు.

ఆపరేషనైన వారానికి, ఎముకను జరిపే చక్రాల మర మొదటిసారి తిప్పమని హేమ స్పానరు నాకే ఇచ్చింది. ఎనిమిది నెలలకు చక్రాలు తీశారు. ఇప్పుడు రెండు కాళ్ళకూ ఒకే ఎత్తు చెప్పులు వేసుకుని బడికి పోతోంది. ఏ పద్ధతి మేలో నేను చెప్పలేను. కాలు ఎవరిదో వాళ్ళనే ముందు అడగాలని మాత్రం నాకు తెలిసింది. మీరూ వెళ్తుంటే, నిలబెట్టి రెండు కాళ్ళూ పూర్తిగా కనబడేలా తీసిన ఎక్స్‌రే తీసుకెళ్ళండి. అది లేకపోతే ఇంకోసారి రమ్మంటారు.