బల్లార్షాకు సర్దిన సందుక

మొన్న ఆదివారం పొద్దున మా పక్కింటాయన వచ్చి, వచ్చే నెలలో రిటైరవుతున్నానని, నాగపూర్‌లో తమ్ముడి దగ్గరికి సంసారం ఎత్తేద్దామా, ఇక్కడే మందమర్రిలో ఉండిపోదామా అన్నది తేలక అన్నం సయించడం లేదని చెప్పి, "పెద్దబాపూ, గీ బాధ మీరు పడ్డోళ్ళే గద, పొమ్మంటరా, ఉండుమంటరా?" అని అడిగాడు. అడిగినవాడు జవాబు వినేదాకా ఆగాలి. ఆగలేదు. నేను గొంతు సవరించుకునేలోపే మా ఇంటామె వైపు తిరిగి, పోయేదే అయితే ఇత్తడి సామాను సర్దడానికి గట్టి పెట్టె కావాలి, మీ టేకు సందుక ఇస్తారా అన్నాడు. అంటే సలహా పేరు చెప్పి పెట్టె కోసం వచ్చాడన్నమాట. ఇది నాకు గుర్తుంటుంది. అయితే నేనీ నాలుగు మాటలు రాయడానికి కారణం అతను కాదు, ఆ సందుక. అది మా ముందరి గదిలో గోడవారగా ఇరవై ఏళ్ళకు పైగా, సర్దింది సర్దినట్టే, తాళం వేసింది వేసినట్టే ఉన్నది.

బొగ్గుబావుల్లో పనిచేసిన నా తోటివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రిటైరవడమంటే మనకు ఉద్యోగం ఒక్కటే పోవడం కాదు, ఉన్న క్వార్టరూ పోతుంది. పాతికేళ్ళు మన ఇల్లే అనుకుని వెనక జామచెట్టు పెంచి, వాకిట్లో బండలు పరిచి, వాన నీళ్ళు కారే మూల ఎక్కడో చీకట్లో కూడా చెప్పగలిగినంతగా ఆ ఇంటికి అలవాటుపడ్డాక, ఒకనాడు తాళంచెవి అప్పజెప్పి రోడ్డు మీద నిలబడాలి. అప్పుడు ఎక్కడికి అన్న ప్రశ్న వస్తుంది. నాకు తొంభైల మొదట్లో వచ్చింది.

నేను మందమర్రికి వచ్చింది 1969లో, తెలంగాణ గొడవలతో బడులు మూతబడి, బస్సులు నడిస్తే నడిచినట్టు లేకపోతే లేనట్టు ఉన్న రోజుల్లో. జగిత్యాల అవతలి మా ఊరి నుంచి గోదావరి దాటి వచ్చి ల్యాంపు రూములో చేరాను. బొగ్గుబాయి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ మాకిచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను పలక మీది కొక్కేనికి తగిలిస్తాం. షిఫ్టు దిగి దీపం తెచ్చిస్తే బిళ్ళ తీసి ఇస్తాం. అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక బిళ్ళ పలక మీద వేలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ సంగతి పైవాళ్ళకు చెప్పవలసినవాణ్ణి నేను. ఏ చిన్న విషయమూ మరిచిపోడని నన్ను చాలామంది వెక్కిరించారు గాని, నాకు జీతం ఇచ్చిందే మరిచిపోకుండా ఉండటానికి.

క్వార్టరు వదిలాక పోవడానికి నాకు మూడు దిక్కులున్నాయి, మూడింటిలోనూ నాకొక అవమానం ముందే పోయి పీట వేసుకుని కూర్చున్నది.

మొదటిది మా సొంత ఊరు. అక్కడ ఎనభై ఒకటో సంవత్సరం దసరా నాడు, జమ్మిచెట్టు దగ్గర పూజ అయ్యాక, మా పెదనాన్న కొడుకు, వరసకు అన్న, అతని చేతిలో అందరిలాగే నేను జమ్మి ఆకు పెట్టాను. అతను తీసుకున్నాడు. తీసుకుని, బదులుగా తన చేతిలోని ఆకు నాకివ్వకుండా, నా భుజం మీదుగా చూసి వెనక నిలబడ్డ ఊరి పెద్దమనిషిని పోయి కౌగిలించుకున్నాడు. చెయ్యి చాచుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో ఆ చెట్టుకు తెలుసు. మళ్ళీ దసరాకు ఆ ఊరు పోలేదు.

రెండోది మందమర్రే. డెబ్భై ఎనిమిదిలో మా ల్యాంపు రూము వాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీశారు. సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఒక కార్మికుడికి దీపం ఇవ్వడానికి నేను లోపలికి పోయాను. బయటికి వచ్చేసరికి అయిపోయింది. ఒక్కడు, కనీసం ఒక్కడు, ఫలానావాడు రాలేదు ఆగండి అనలేదు, అదీ మనిషి తక్కువైతే చెప్పడమే పనిగా ఉన్నవాళ్ళు. ఆ ఫొటోకు అద్దం కట్టించి మా గోడకే తగిలించారు. నేను లేని ఆ ఫొటో కింద కూర్చుని నేను ఇంకో పదిహేనేళ్ళు చాకిరీ చేశాను.

మూడోది బల్లార్షా. పేరుకు మహారాష్ట్ర, వేరే రాష్ట్రం. మా స్టేషన్‌లో పొద్దున ప్యాసింజర్ ఎక్కితే కాగజ్‌నగర్ దాటి, అడవి దాటి, వార్ధా నది వంతెన దాటి భోజనాల వేళకు పోయి దిగవచ్చు. మా ఇంటామె చెల్లెలిని అక్కడ రైల్వేలో పనిచేసే మనిషికి ఇచ్చారు. అతను నాకు తోడల్లుడు, మా వైపు మాటలో సడ్డకుడు. డెబ్భై నాలుగులో అతను సొంత ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. భోజనాల మొదటి బంతికి ఆకులు వేశారు, నేను కూర్చోబోయాను. అతను నా మోచెయ్యి పట్టుకుని, "అన్నా, జర ఆగు, బయటోళ్ళను తిననీ" అన్నాడు. రెండో బంతిలో చల్లారిన పప్పుతో తిన్నాను. ఇంటివాళ్ళు చివర తినడం మర్యాదేనని, నన్ను ఇంటివాడిగా చూశాడని మా ఇంటామె వందసార్లు చెప్పింది. మరి అతని సొంత అన్న మొదటి బంతిలో ఎందుకు కూర్చున్నాడన్న నా ప్రశ్నకు మాత్రం ఈనాటిదాకా జవాబు లేదు.

రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా, ఏ ఊరు పేరు ఎత్తినా నేను ఈ మూడింట్లో ఒకటి చెప్పి కొట్టేస్తుంటే, ఆమె బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, "నీకు కోపం లేని ఊరు ఏదన్న ఉంటే చెప్పయ్యా, ఆడికే పోదాం. అడివైనా మంచిదే" అన్నది. నేను ఆలోచించాను. నిజాయితీగానే ఆలోచించాను. దొరకలేదు.

ఆ ఎండాకాలమే మా మరదలు బల్లార్షా నుంచి వచ్చింది. వాళ్ళ ఇంటి పక్కనే, మధ్యన నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డంగా, రెండు గదుల ఇల్లు ఖాళీ అవుతున్నదట. తన భర్త ఆ ఇంటివాళ్ళతో ఇంకెవరికీ మాట ఇవ్వవద్దని చెప్పి ఉంచాడట. అక్కను మంచం మీద కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తూ, నా వైపు చూడకుండానే, "బావా, అక్కను జన్మంత బొగ్గుపొడిల పెట్టినవ్. ఇగనన్న మా వాకిట్ల కూసోనియ్యి" అన్నది. ఈ మాట కూడా నేను మరిచిపోలేదు, కానీ దీనికి కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. ఆ అక్కచెల్లెళ్ళు పెళ్ళిళ్ళయ్యాక ఒక్క బతుకమ్మ కూడా కలిసి ఆడలేదు. ఒకరికి వీలైతే ఇంకొకరికి వీలయ్యేది కాదు. బల్లార్షాలో మన తెలుగువాళ్ళ ఆడవాళ్ళంతా కూడి ఆడతారని, వచ్చే ఏడు నీకు కూడా పేర్చి పెడతానని మరదలు చెబుతుంటే మా ఇంటామె ముఖం పెళ్ళికి ముందు ఎట్లా ఉండేదో అట్లా అయింది. నేను సరే అన్నాను. షరతు ఒక్కటే పెట్టాను. అది నోటితో చెప్పలేదు, మనసులో పెట్టుకున్నాను. సడ్డకుడు ఆ బంతి సంగతి తనంతట తాను ఎత్తి, తప్పయిందనాలి.

ఆమె ఆ వారంలోనే పుట్టింటివాళ్ళు ఇచ్చిన టేకు సందుక దించి, ఇత్తడి బిందెలు, చెంబులు, తాంబాళం ఒక్కొక్కటి కాగితాల్లో చుట్టి సర్దేసింది. పోవడానికి ఇంకా నెలలున్నాయి కదా అంటే నవ్వింది. ఆ రోజు నుంచే మేము స్టీలు గ్లాసులతో నీళ్ళు తాగాం.

ఇల్లు ఖాయం చేసుకోవడానికి ఇద్దరం బల్లార్షా పోయాం. సడ్డకుడు స్టేషన్‌కు వచ్చాడు, సంచి తానే మోశాడు, ఇల్లు చూపించాడు. ఇంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు, వెతికాను. భోజనాలకు నన్ను ముందు వరుసలో, గోడకు ఆనుకునేట్టుగా పీట వేసి కూర్చోబెట్టాడు. అతని పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. నేను ముద్ద కలుపుతూ ఎదురుచూశాను. పప్పు అయింది, పులుసు అయింది, పెరుగు దాకా వచ్చింది. అతను రైళ్ళ సంగతి, ఎండల సంగతి చెబుతున్నాడు. ఆగలేక నేనే అన్నాను, ఈసారి మొదటి బంతి దొరికింది అని. అతనికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను, సంవత్సరంతో సహా. అతను వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి, "ఇరవై ఏండ్ల కిందటి బువ్వ నీకింక అరుగలేదా అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా మరదలు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నది. అతను తప్పు ఒప్పుకోకపోతే ఒక రకం, అసలు యాదికే లేకపోతే ఇంకో రకం. నేను ఇన్నేళ్ళు మోసిన బరువు అతను ఎత్తనే లేదని తెలిసి నాకు ఒళ్ళు మండింది. లేచాను. మా ఇంటామె తలుపు దగ్గర నుంచి, "ఏమయ్యా, ఇస్తారి ముందటి నుంచి లేవకు. కూసో" అన్నది, మెల్లగా. నేను చెయ్యి కడుక్కుని సంచి తీసుకున్నాను. సడ్డకుడు గేటుదాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని, పరాచికానికి అన్నానని చెప్పాడు. పరాచికానికి అన్నానన్నాడే గాని తప్పయిందనలేదు.

మధ్యాహ్నం బండిలో తిరిగి వచ్చాం. వంతెన మీద ఆమె కిటికీలోంచి నదిని చూసింది. మాకుడి దాటింది, కాగజ్‌నగర్ దాటింది, బెల్లంపల్లి వచ్చింది. నన్ను ఏమైనా అంటుందని, అంటే ఏం జవాబు చెప్పాలో సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆ జవాబు నాతోనే మా స్టేషన్‌లో దిగింది. ఆ ఇల్లు రెండు నెలల్లో ఇంకెవరికో పోయింది.

రిటైరైన రోజు మావాళ్ళు దండ వేశారు, శాలువా కప్పారు, నన్ను నడుమ నిలబెట్టి ఫొటో తీశారు. దండలోని పూరేకు ముక్కుకు తగిలి సరిగ్గా ఆ క్షణానికి నా కళ్ళు మూసుకున్నాయి. మళ్ళీ తీయమంటే రీలు అయిపోయిందన్నారు. ఆ ఫొటో పాతదాని పక్కన తగిలిస్తామని మాట ఇచ్చారు. నెల తర్వాత పోయి చూస్తే మేకు కూడా కొట్టలేదు. అయినా ఈ ఊళ్ళోనే, కొన్నాళ్ళు అద్దెకుండి, ఊరి చివర రెండు గదులు వేసుకున్నాం. ఎందుకు ఉండిపోయానంటే, పోవలసిన చోట్లు నేనే మూసేసుకున్నాను కాబట్టి. సందుక కొత్త ఇంటికి వచ్చి ముందరి గదిలో కూర్చున్నది. విప్పి సామాను బయట పెట్టరాదా అంటే, "ఉండనియ్యి" అనేది. ఏడాదికోసారి అడిగేవాణ్ణి. అదే మాట. చీకట్లో నా కాలి బొటనవేలు దానికి ఎన్నిసార్లు తగిలిందో లెక్క లేదు.

నాలుగేళ్ళకు మా మరదలు పోయింది. కబురు ఎస్టీడీ బూతుకు వచ్చి మాకు అందేసరికి బండి వెళ్ళిపోయింది, తర్వాతి బండికి పోయేసరికి అంతా అయిపోయింది. మా ఇంటామె ఆ వాకిట్లో నడుమెత్తు గోడ పక్కన కూర్చున్నది. గోడకు అవతల, మాది కావలసిన ఇంట్లో, ఎవరో ఆడమనిషి బట్టలు ఆరేస్తూ ఈమెను చూసి ఆగిపోయింది. 

ఇప్పుడు ఆలోచిస్తే ఆ అవమానాలకు చోటే లేకుండా పోయింది. విందుల్లో బంతులు లేవు. ఎవరి ప్లేటు వాళ్ళు పట్టుకుని నిలబడి తింటున్నారు, ముందెవరో వెనకెవరో తెలియదు. జమ్మి ఆకు బొమ్మ ఫోన్‌లో వస్తుంది, ఇచ్చినవాడికి ఎవరికిచ్చాడో తెలియదు. ఫొటోలు ఎవరికి వారే తీసుకుంటున్నారు. మా బావి మూతపడి ల్యాంపు రూము పైకప్పు కూలింది, ఆ ఫొటో ఏమైందో ఎవరూ చెప్పలేరు. జమ్మి ఇవ్వని అన్న లేడు, సడ్డకుడు లేడు. రాష్ట్రం పేరు మారింది, జిల్లా పేరు మారింది. ఇంత మారినా నా దగ్గర లెక్కలన్నీ ఉన్నాయి, తేల్చుకోవడానికి మనుషులే లేరు.

నిన్న పొద్దున ఆమె నన్ను అడగకుండానే సందుక తాళం తీసింది. ఒక్కొక్కటే బయట పెట్టింది. ఇత్తడి నల్లబడి ఇనుములా ఉన్నది. చుట్టిన కాగితాలు సర్దిన ఏడాదివే. ఆమె ముఖం చూడలేక నేను ఆ పాత వార్తలు చదువుతూ కూర్చున్నాను. పక్కింటాయన, ఆయన అల్లుడు వచ్చి పెట్టె మోసుకుపోయారు. అది ఉన్నచోట గచ్చు మీద, మిగతా గదికంతా లేని నునుపుతో, ఒక పొడవాటి చోటు మిగిలింది. అప్పుడు అడిగాను, మనం పోవలసిందా అని. ఆమె చెంబు తోముతూ, తల ఎత్తకుండా, "పోయి జర చింతపండు పట్టుకరా. ఇంక మూడు బిందెలున్నయి" అన్నది.

మూల మీది కిరాణా కొట్టువాడితో నాకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నన్ను నిలబెట్టి, నా తర్వాత వచ్చినవాడికి ముందు పొట్లం కట్టాడు. అప్పటి నుంచి నేను ఏ వస్తువుకైనా బజారుదాకా నడుస్తున్నాను. నిన్న మాత్రం ఆ కొట్టుకే పోయాను. వాడు లేడు. కొట్లో వాడి కోడలు కూర్చుని ఉన్నది. పొట్లం కడుతూ నా ముఖం చూసి, "ఎవలింటికి వచ్చిండ్రు తాతా? కొత్తగ కనవడుతున్నరు" అన్నది, మర్యాదగానే.

యాభై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు అని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. పొట్లం తీసుకుని వచ్చేశాను.

ఆ మాట మా ఇంటామెకు చెప్పలేదు. సాయంత్రం ఆమె తోమిన చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు చింతపండు వాసన వస్తున్నాయి. అది కూడా చెప్పలేదు.