డబ్బా మీద రాయనిది

నందవరం దగ్గరి పల్లెలో కృపమ్మ కూలికి పోయేది. ఆమె భర్త ఏసన్న పత్తి చేలల్లో పంపుతో మందు కొట్టేవాడు. 1976లో ఒక మధ్యాహ్నం పంపు కడిగిన బావిలోనే దోసిలితో నీళ్లు తాగి, గట్టెక్కుతూ కూలబడ్డాడు. ఎద్దులబండి ఎమ్మిగనూరు ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ రోజు చేలో రెండు రకాల మందు డబ్బాలున్నాయి. తన మనిషిని తీసుకుపోయింది ఏదో ఎవరూ చెప్పలేకపోయారు. చదువురాని కృపమ్మ రెండు డబ్బాలూ పట్టుకుని బడి పంతులు వాదిరాజ దగ్గరికి పోయింది.

"ఎర్రగుర్తు ఉంటే మహావిషం కృపమ్మా. పసుపుది దానికంటే తక్కువ," అన్నాడాయన.

"అది మనిషిని సంపే లెక్క గదా సామీ. మట్టిలో ఎన్నాళ్లుంటాదో, నీళ్లలోకి పోతాదో లేదో రాసినారా?"

వాదిరాజ డబ్బా తిప్పి తిప్పి చూశాడు. "లేదు," అన్నాడు.

అప్పటినుంచి ఆ రాయనిదాన్ని ఆమె కనిపెట్టి చూసింది. తెల్లపొడి మందు చల్లిన చేలో మరుసటేడు శనక్కాయ వేస్తే, కాయలోనూ ఆ మందు ముక్కవాసనే. అది నిలిచే మందు. ఇంకొకటి వాన పడ్డ రెండోరోజుకే బావిలోకి దిగేది, కప్పలు వెల్లకిలా తేలేవి. అది పారే మందు. నిలిచేదానికి అడ్డగీత, పారేదానికి నిలువుగీత, ఎర్రగుర్తుతో మనిషిని చంపేదానికి సున్న. డబ్బాల మీద సున్నంతో ఇలా గుర్తులు పెట్టేది. మూడు గుర్తులూ పడ్డ డబ్బాను కూలీలెవరూ ముట్టేవారు కాదు.

పదేళ్లయినా ఏసన్న సంగతి మాత్రం తేలలేదు. పత్తి తీస్తూ, ఎక్కడో పంపు చప్పుడు ఆగితే తల తిప్పేది. "ఏమ్మే, నీళ్లు తెస్తివా?" అని ఆయన అడుగుతాడేమోనన్నట్టు.

1986లో రైతు లక్ష్మప్ప ఆదోని నుంచి కొత్త మందు తెచ్చాడు. కూలీలు కృపమ్మ వైపు చూశారు.

"ఇది నాకు తెలీదప్పా. తెలిసేదాంక పారేదే అనుకోవాల. పంపు బావికాడ కడగొద్దు. దూరంగా ఆ మిట్టమీద గుంత తీయించు," అన్నది.

లక్ష్మప్ప బావిగట్టు వైపు చూశాడు. తర్వాత, "ఏసన్న ఈడనే గదా పడిపోయినాడు," అంటూ తనే పార అందుకున్నాడు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ కృపమ్మ, "గుంత తీసిన మాట ఒకరికి సెప్పాలని ఉందే," అన్నది పక్కనున్న తోటికూలీ భీమమ్మతో. ఎవరికని భీమమ్మ అడగలేదు. కృపమ్మ చేతిలోని గంప తాను తీసుకుంది.