మునస్వామి గుంటలో చేపలు

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో జంతుశాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ణి. పెంపుడు చేపలు బెదిరితే వాటి రక్తంలో ఏం మారుతుందో చూడటం నా పని. చిత్తూరు దగ్గర మునస్వామి అనే రైతు గుంటలో చేపలు పుండ్లు పడి చస్తున్నాయని కబురొస్తే, మైక్రోస్కోపు పెట్టె పట్టుకుని పొద్దున్నే పాసింజరెక్కాను.

పాకాలలో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీ పొట్లం విప్పుతుంటే ఎదుటి సీటు పెద్దాయన అడిగాడు. "ఏముండాదప్పా ఆ పెట్టెలో?"

"చేపల రక్తం చూసే యంత్రం."

"మా ఊర్లో మనుషుల రక్తం సూసేవాళ్లే లేరు," అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

చిత్తూరులో దిగి బస్సు పట్టుకుని, చెరకు తోటల మధ్య నడిచి గుంట చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నీళ్లు తగ్గి చేపలు ఇరుకున పడ్డాయి. మునస్వామి భార్య రాజమ్మ గట్టు మీదే చెప్పింది. "వచ్చినోళ్లంతా వల లాగి సూపించమంటారు నాయనా. వల పడినాక సేపలు మేత ముట్టవు."

రక్తం గాజుపలక మీద పూసి, రంగు వేసి చూశాను. రోగాన్ని అడ్డుకునే తెల్లకణం ఎక్కడో ఒకటి కనబడింది. వల పడి చేప బెదిరినప్పుడల్లా ఒంట్లో ఊరే రసం ఈ కణాలను తగ్గించేస్తుంది. ఆ తర్వాత నీళ్లలో ఎప్పుడూ ఉండే క్రిములే చేపను చంపేస్తాయి.

"కొన్నాళ్లు వల వెయ్యొద్దు, అన్నా. కొత్త నీళ్లు పెట్టు. చాలావరకు తేరుకుంటాయి," అన్నాను. మునస్వామి ముఖం తేటపడింది. రాజమ్మ సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది.

తింటుండగానే జీపొచ్చింది. చేపల శాఖ ఆఫీసరు ఒకాయన, ఆయన వెంట ఎవరో పెద్దమనిషి దిగారు. "వల వేయించు. సారు చూడాలంట," అన్నాడు ఆఫీసరు.

నేను లేచి వెళ్లి కణాల సంగతి వివరించాను. ఆఫీసరు నవ్వాడు. "మీ కణాలు సారుకి కనబడవు కదా."

మునస్వామి నా వైపు ఒకసారి చూసి, పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. పెద్ద చేపను ఎత్తి పట్టుకుంటే ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

పొద్దు వాలేసరికి కొన్ని చేపలు వెల్లకిలా తేలాయి. "నువ్వు సెప్పింది నిజమే," అంది రాజమ్మ. "కాదనేదానికి మాకు నోరుండాల గదా."

తిరుపతి బస్సులో పక్కనున్న ముసలమ్మ అడిగింది. "పోయిన పని అయిందా నాయనా?"

"రోగమేందో తెలిసిందమ్మా."

"ఇంకేం, బాగైపోతాదిలే," అందామె.

ఆ ఎండాకాలంలోనే గుంట ఖాళీ అయిందనీ, మునస్వామి దాన్ని పూడ్చి చెరకు నాటాడనీ తర్వాత విన్నాను. ఆ చేపల రక్తం మీదే నాకు డాక్టరేటు వచ్చింది.