ఒకే రంగుకి నాలుగు రూపాయల తగ్గింపు

బేరమాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చిక్కడపల్లిలో గ్రంథాలయం వెనక సందులో టీషర్టుల మీద ప్రింటు కొట్టే దుకాణం పెట్టిన మొదటి ఏడాది నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది ఈ బేరమే. కాలేజీ కుర్రాళ్ళు ముప్ఫై టీషర్టులకి గంటన్నర కూర్చునేవారు. హిమాయత్‌నగర్‌లో ఇంకా తక్కువకి చేస్తున్నారని ప్రతివాడూ అనేవాడు. అయితే అక్కడికే వెళ్ళండని ప్రతివాడికీ చెప్పేదాన్ని. నిజంగానే వెళ్ళిపోయేవారు. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళు దుకాణం పెట్టకూడదని మా ఆయన అశోక్‌నగర్ ఇంట్లో అన్నం తింటూ అనేవారు. ఆయనది గవర్నమెంటు ఆఫీసు, కూర్చున్నచోటికి జీతం వస్తుంది, ఎన్నయినా అంటారు.

నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. నోటితో కాకుండా లెక్కతోనే జవాబు చెబుదామని ఒక ఆదివారం కూర్చుని పెద్ద అట్ట మీద రూల్సు రాశాను. ఒక రంగు ప్రింటుకి ఒక రేటు, రెండో రంగు కలిస్తే ఇంకో రేటు. వంద దాటితే కొంత తగ్గింపు, రెండు వందలు దాటితే మరికొంత. మూడు రోజుల్లోపు కావాలంటే అదనం. ఇవన్నీ ఏ దుకాణంలోనైనా ఉండేవే. ఆఖరి రూలు మాత్రం నా సొంత తెలివి. ఒక రంగు ప్రింటు అయ్యాక ఇంకో రంగు ఎక్కించాలంటే జాలీ గుడ్డ బిగించిన ఫ్రేము కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టుకోవాలి, పూట పోతుంది. సాదా టీషర్టులు కూడా ఒకే రంగువి కట్టలు కట్టలుగా కొంటే చవక. అందుకని, అదే వారంలో వేరేవాళ్ళ ఆర్డరుతో కలిపి అదే రంగు బట్ట, అదే రంగు ప్రింటు తీసుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళకి ఒక్కోదాని మీద నాలుగు రూపాయలు తగ్గింపు. ఎవరి ఆర్డరుతో కలుస్తుందో మాత్రం చెప్పను. ఒకరి ఆర్డరు సంగతి ఇంకొకరికి చెప్పకపోవడం మర్యాద అనుకునేదాన్ని.

అట్ట గోడకెక్కాక బేరాలు ఆగిపోయాయి. వచ్చినవాళ్ళు దాన్ని చదువుకుని, వాళ్ళలో వాళ్ళే వాదించుకుని, ఏదో ఒక రేటు దగ్గర ఆగేవారు. నేను ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో నా అంత తెలివైనది ఆ సందులో లేదని నా నమ్మకం.

ప్రింటు కొట్టేది మాత్రం నేను కాదు. దానికి ఒక్కడే మనిషి. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి ఇళ్ళ కట్టుబడి పనికి వచ్చి, నడుం పట్టేసి ఈ పనిలో కుదురుకున్నవాడు. కవాడిగూడ బస్తీలో భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. రబ్బరు బిగించిన చెక్కతో రంగుని ఫ్రేము మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే బలంతో లాగాలి. మణికట్టు కొంచెం తొణికినా అక్షరం అలుక్కుపోతుంది. అతని చేతిలో అలుక్కుపోయిన అక్షరం నేను నెలకి ఒకటి చూస్తే ఎక్కువ. అతని ఇంట్లో నలుగురి కడుపూ, నా దుకాణం అద్దె కూడా ఆ కుడిచేతి మీదే నడిచేవి.

ఆ ఏడు వినాయక చవితికి ముందు చిక్కడపల్లి మార్కెట్ పక్క సందులోని యువజన సంఘం వాళ్ళు వచ్చారు. నిమజ్జనం ఊరేగింపుకి పసుపుపచ్చ టీషర్టులు, గుండెల మీద ఎర్ర అక్షరాలతో సంఘం పేరు. మర్నాడే కవాడిగూడ బస్తీ సంఘం లీడరు వచ్చాడు. పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నీలం రంగు కావాలన్నవాడు అట్ట చదివి ఆగాడు.

"ఈ నాలుగు రూపాయలు తగ్గాలంటె ఏ రంగు తీస్కోవాలక్కా?"

"పసుపుపచ్చ మీద ఎరుపు."

రెండు వందల టీషర్టులకి నాలుగేసి రూపాయలంటే ఎంతో వేళ్ళ మీద లెక్కేసుకుని సరేనన్నాడు. అతను వెళ్ళగానే లోపల్నుంచి మా ప్రింటరు వచ్చి నిలబడ్డాడు. చేతులకి రంగు అలాగే ఉంది.

"అక్కా, వీళ్ళకు మార్కెట్ గల్లోళ్ళకు పడదు. ఒక్కటే రంగు ఇయ్యొద్దు."

"పేర్లు వేరేగా ఉన్నాయిగా."

"పేరు ఎవడు సదువుతడక్కా? పోయినేడు ఎవరి లారీ ముందల పోవాలె అని టాంక్‌బండ్ కాడ కొట్టుకున్నరు. మావోళ్ళయి నీలంయి, వాళ్ళయి ఎర్రయి. రంగు చూసి పోలీసోళ్ళు ఇడదీసిన్రు. ఈసారి ఏం చూసి ఇడదీస్తరు?"

నాకు కోపం వచ్చింది. రూలు పెట్టింది నేను, లెక్క కుదిరింది నాకు, మధ్యలో ఇతనెవరు. సాదా టీషర్టుల కట్టలకి అప్పటికే డబ్బు కట్టేశానని, పని చూసుకోమని విసుక్కున్నాను. అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి రబ్బరు చెక్క లాగుతున్న చప్పుడు వినిపించింది.

ఆ వారమంతా దుకాణం పసుపుపచ్చగా అయిపోయింది. లోపలి గదిలో తాళ్ళ మీద వరసగా టీషర్టులు. రెండో రోజున గమనించాను, మార్కెట్ సందు వాళ్ళవన్నీ ప్రింటు ఆరగానే అతను తిరగేసి వేస్తున్నాడు, పేరు కనపడకుండా. ఆ తిరగేసిన టీషర్టుల కింద నుంచి తల దించుకుని గబగబా దాటేదాన్ని. ఇప్పుడైనా మార్చవచ్చు, రెండు వందల టీషర్టులు నీలం రంగువి తెప్పించి నష్టం భరించవచ్చు అని రోజూ అనుకునేదాన్ని. నష్టం ఎంతో లెక్క వేయగానే ఆ ఆలోచన ఆగిపోయేది.

కట్టలు తీసుకోవడానికి కవాడిగూడ లీడరు తనే వచ్చాడు. ఒకటి విప్పి చూసుకుని మెచ్చుకున్నాడు. తర్వాత అతని చూపు లోపలి గది మీదికి పోయింది.

"అవి ఎవరియక్కా?"

నేను బిల్లు పుస్తకం తీశాను.

"మార్కెట్ గల్లోళ్ళయి కావు కద?"

అంత మెల్లగా అడిగాడు. అవునంటే కట్టలు అక్కడే పడేసి వెళ్ళిపోతాడు, రెండు వందల టీషర్టులూ నాకు మిగిలిపోతాయి. నాకు తట్టింది అదొక్కటే.

"కాదు. నారాయణగూడలో కాలేజీ వాళ్ళవి. క్రికెట్ టీముకి."

అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అంతకుముందు తెలీదు. లీడరు తలూపి కట్టలు ఆటోలో వేయించుకున్నాడు. లోపల మా ప్రింటరు ఫ్రేము ముందు వంగి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

నిమజ్జనానికి ముందు రోజు ఉండబట్టలేక మా ప్రింటర్ని అడిగాను, రేపు నువ్వు వెళ్తున్నావా అని.

"ఇంటికొక్క మనిషి రావాలె అన్నరు. పోకుంటె బస్తీల ఉండనియ్యరు."

"నాకు అర్జెంటు పని ఉందని చెప్పు. దుకాణం తెరుస్తాను, వచ్చి ఊరికే కూర్చో."

"గణపతి పోయే దినం పనేంది అంటరక్కా." కొంచెం ఆగి, "నేను ఎనక ఉంటలే" అన్నాడు. ధైర్యం నాకు చెబుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అశోక్‌నగర్‌లో మా మేడ మీద నిలబడ్డాను. మార్కెట్ సందు వాళ్ళు పొద్దున్నే దాటిపోతారని విని కాస్త స్థిమితపడ్డాను. మూడు దాటాక వచ్చింది వాళ్ళ లారీ. దాని ముందూ వెనకా నేను అమ్మిన పసుపుపచ్చ. పైనుంచి చూస్తే ఒక్క అక్షరం కనపడలేదు, రంగు ఒక్కటే కనిపిస్తోంది. అవతల కవాడిగూడ లారీ బయల్దేరేది కూడా ఆ వేళకేనని మా ప్రింటరు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. డప్పులు దూరమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. కిందికి దిగి, పరిగెత్తి, ఎవరో ఒకరికి చెప్పి ఉండవచ్చు. చెబితే ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. దిగలేదు.

మర్నాడు పదింటికి, రోజూ వచ్చే వేళకే, అతను దుకాణానికి వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఎడంచేత్తో గ్లాసు పట్టుకోవడం కుదరక సగం ఒలకబోసుకున్నాడు.

"టాంక్‌బండ్ కింద రెండు లారీలు ఎదురుపడ్డయక్కా. అంత ఒక్క తీర్గనే ఉన్నరు. ఎవడు ఎవడ్ని కొడుతుండో ఎవనికి తెల్వదు. నేను చెయ్యి అడ్డం పెట్టిన. కొట్టినోడు మావోడో, వాళ్ళోడో తెల్వలే."

మణికట్టు రెండుచోట్ల విరిగిందట. కట్టు విప్పాక కూడా చెయ్యి మునుపటిలా తిరగడం అనుమానమేనని డాక్టరు చెప్పాడట. అది చెప్పేటప్పుడు అతను ఫ్రేము వైపు చూశాడు. నేను క్షమించమని అడగాల్సింది అప్పుడే. టీ తెప్పించనా అని అడిగాను.

నాలుగో రోజున కవాడిగూడ లీడరు వచ్చాడు. వెంట నలుగురు. వాళ్ళలో ఒకడి తలకి కట్టుంది. ఎవరూ అరవలేదు. ఒకడు దుకాణం షట్టరు సగం కిందికి లాగాడు, లోపల వెలుతురు తగ్గిపోయింది. లీడరు గోడ మీది అట్టని కాసేపు చదివాడు.

"కాలేజోళ్ళయి అన్నవ్ కద అక్కా?"

ఫ్రేములు, రంగు డబ్బాలు, కిరోసిన్ క్యాను, అన్నీ వాళ్ళ చేతికందే దూరంలో ఉన్నాయి. వాళ్ళలో ఒకడు కిరోసిన్ క్యానుని కాలితో కదిపి చూస్తున్నాడు, ఎంత ఉందో అన్నట్టు. అప్పుడు స్టూలు మీంచి మా ప్రింటరు లేచాడు.

"అక్కకు తెల్వదన్నా. అవి కాలేజోళ్ళ ఆర్డరే. వాళ్ళు క్యాన్సల్ చేసిన్రు. మార్కెట్ గల్లోళ్ళు వస్తె ఆ మాల్ మీద వాళ్ళ పేరు నేనే కొట్టిచ్చిన. అక్కకు చెప్పలే."

లీడరు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు, కట్టు దగ్గర ఆగాడు.

"నువ్వు మా బస్తీల ఉండుకుంట వాళ్ళకు ఇచ్చినవ్. చెయ్యి ఇరిగింది కాబట్టి బతికిపోయినవ్. గది ఖాళీ చెయ్. అమాస నాటికి నువ్వు ఆడ కనపడొద్దు."

నా వైపు తిరిగి, "మనుషుల్ని చూసి పెట్టుకో అక్కా" అని మర్యాదగా చెప్పి, షట్టరు మళ్ళీ పైకి లేపి మరీ వెళ్ళాడు. అంతసేపూ నేను బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉన్నాను. అబద్ధమాడింది నేను అని ఒక్క మాట అంటే సరిపోయేది.

"ఎందుకలా చెప్పావు?" అని వాళ్ళు సందు మలుపు తిరిగాక అడిగాను.

"దుకాణం తగలబెడితె నేనేడికి పోవాలక్కా? గీ చేతికి ఇంకెవరు పనిస్తరు?"

కట్టు విప్పాక డాక్టరు అన్నట్టే అయింది, చెయ్యి పూర్తిగా తిరగలేదు. ప్రింటు కొట్టడానికి ఇంకొకర్ని పెట్టుకున్నాను, అతను టీషర్టులు మడతపెట్టి కట్టలు కట్టేవాడు. జీతం తగ్గించలేదని నాకు నేను గొప్పగా చెప్పుకున్నాను. కానీ అదంతా తర్వాతి సంగతి. అమావాస్యకి ముందు రోజు అతను సామాను తోపుడుబండి మీద వేసుకుని దుకాణం ముందు నుంచే వెళ్ళాడు. ఊరి చివర ఎక్కడో గది దొరికిందట. పిల్లలిద్దరూ మూటల మీద కూర్చున్నారు. ఆడపిల్లల బడి కూడా మానిపించాల్సి వచ్చిందని తెలిసింది.

అతను బండి దగ్గరే ఉండి తాడు బిగించుకుంటున్నాడు. భార్య ఒక్కతే లోపలికి వచ్చింది. అంతకుముందు ఆమెని నేను రెండుసార్లకి మించి చూడలేదు. వచ్చీ రాగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఆయన చేసిన తప్పుకు ఇంకొకరైతె ఎప్పుడో ఎల్లగొడుదురు. నువ్వు పనిల ఉంచుకున్నవ్. నీ కడుపు సల్లగుండ అక్కా."

ఆమెకి కూడా అసలు సంగతి చెప్పలేదన్నమాట. బయట అతను వెనక్కి తిరక్కుండా ఎడంచేత్తో ముడి వేస్తున్నాడు. నేను ఆమె చేతుల్లోంచి నా చేతులు తీసుకోలేదు.

"అవన్నీ ఎందుకులే, పిల్లలు జాగ్రత్త" అన్నాను.